పాత సీమాస్టర్‌ని మార్పించుకోవాలా, కొత్తది కొనాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2004లో సింగపూర్‌లో కొన్న నీలం డయల్ ఒమేగా సీమాస్టర్ వాచ్ మీ దగ్గర ఉంది. షిప్పు మీదా, ఇంట్లోనూ, పెళ్ళిళ్ళకీ అదే పెట్టుకున్నారు. ఇప్పుడు చూసి చూసి మొహం మొత్తింది, అలాగని అమ్మబుద్ధి కావడం లేదు. కొత్త సీమాస్టర్ ధర అయిదు లక్షలు దాటిపోయింది. అంత పెట్టే బదులు ఉన్నదానికే నల్ల కోటింగ్ వేయించి, డయల్ ఆకుపచ్చ చేయించి, బెజెల్, అంటే అద్దం చుట్టూ ఉండే రింగు, మార్పించి, వెనక పాప పేరు చెక్కిస్తే ఎలా ఉంటుంది, మన వైజాగ్‌లో ఇందులో ఏది చేయించొచ్చు అని.

ముందే చెప్పేస్తున్నాను, మార్పించుకోండి. కొత్తది ఇప్పుడే కొనకండి. కాకపోతే, రేపు మనసు మారితే వాచ్‌ని మళ్ళీ పాత రూపానికి తెచ్చుకోగలిగే మార్పులే చేయించండి. మీరు రాసిన నాలుగింట్లో బెజెల్, పేరు హాయిగా చేయించుకోవచ్చు. కోటింగ్, డయల్ జోలికి పోవద్దు. మీరు అడగనివి ఇంకో రెండున్నాయి, సర్వీసింగూ బెల్టూ. వాచ్ మళ్ళీ కొత్తగా అనిపించేది ఎక్కువగా ఆ రెండింటి వల్లే. నేను డాబాగార్డెన్స్ దగ్గర ఏళ్ల తరబడి వాచీల పనే చేస్తున్నాను, ఇలాంటి సీమాస్టర్లు నా బల్ల మీదకి చాలానే వచ్చాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డయల్ మీద అలల్లాంటి గీతలు, మధ్యలో బోలుగా ఉన్న ముళ్ళు, పది దగ్గర రెండో చిన్న కీ అని రాశారు కాబట్టి అది 2531.80 అనే మోడల్ అయ్యుండాలి. కేసు, అంటే బయటి స్టీలు గూడు, 41 మిల్లీమీటర్లు, చైన్ పట్టే చోట 20 మిల్లీమీటర్లు. లోపల ఉన్నది 1120 అనే మిషన్. ఈటీఏ అనే స్విస్ కంపెనీ చేసే 2892 మిషన్‌ని తీసుకుని ఒమేగా తనకు కావలసినట్టు మెరుగుపరుచుకున్నది. దానికి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉంటుంది. అంటే పరీక్షలో రోజుకి సగటున 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి, అంతకు మించి తేడా రాకూడదు. మీదేమో రోజుకి ముప్పావు నిమిషం ముందుకి పోతోందని రాసి, వెంటనే కోటింగ్ గురించి అడిగారు. ముందు చూడాల్సింది ఆ ముప్పావు నిమిషం సంగతి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో కంపాస్ యాప్ తెరిచి టేబుల్ మీద పెట్టి, వాచ్‌ని నెమ్మదిగా దాని దగ్గరికి తీసుకెళ్ళండి. సూది చటుక్కున పక్కకి తిరిగితే వాచ్‌కి అయస్కాంతం పట్టినట్టు అనుమానించాలి. ఇంజన్ రూమ్‌లో జనరేటర్ల పక్కన ఉండేవారికీ, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ పక్కనే రాత్రి వాచ్ పెట్టేవారికీ ఇది మామూలే. వాచ్ వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచ్ ముందుకి పరిగెడుతుంది. డీమాగ్నెటైజర్ మీద పెట్టి తీస్తే నిమిషంలో పోతుంది. దానికి పెద్ద బిల్లు ఎవరూ వెయ్యకూడదు.

సూది కదలకపోతే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టించండి. వాచ్ టిక్కు టిక్కుని మైకుతో విని, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెప్పే మిషన్ అది. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఊగితే లోపల ఆరోగ్యంగా ఉన్నట్టు. 220 లోపు చూపిస్తే ఆయిల్ ఎండిపోయిందనుకోవచ్చు. ఆయిల్ లేకుండా తిరిగితే ఇరుసులు అరుగుతాయి, అప్పుడు ఖర్చు రెట్టింపవుతుంది. మామూలుగా ఇలాంటి వాచ్‌కి అయిదు నుంచి ఎనిమిదేళ్ళకోసారి పూర్తి సర్వీస్ కావాలి.

ఇంకోటి, మన ఊరి గాలి. ఎంవీపీ కాలనీలో బాల్కనీ గ్రిల్‌ని తినేసే ఉప్పుగాలే మీ వాచ్ స్ప్రింగ్ బార్లనీ, అంటే చైన్‌ని కేసుకి పట్టి ఉంచే సన్నటి పుల్లల్నీ, తింటుంది. 300 మీటర్లు అని డయల్ మీద రాసి ఉన్నా ఆ మాట నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్లు మెత్తగా ఉన్నన్నాళ్ళే. ఇరవయ్యేళ్ళ గ్యాస్కెట్ గట్టిపడి, బల్లపరుపుగా నొక్కుకుపోయి ఉంటుంది. కాబట్టి ఏ మార్పు చేయించినా ముందు గ్యాస్కెట్లు మార్పించి, ప్రెజర్ టెస్ట్ చేయించండి. పది దగ్గరున్న రెండో కీ హీలియం వాల్వు. రోజుల తరబడి లోతు సముద్రపు పీడనంలోనే ఉండి పనిచేసే డైవర్లకి అది కావాలి. మీరు దాన్ని బిగించి ఉంచండి చాలు.

సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద రెండు వాక్యాలు రాయించండి. ఒకటి, కేసుకి పాలిష్ పెట్టవద్దు. రెండు, మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి. రెండోదానికి బ్రాండ్ సర్వీస్ సెంటర్లు ఒక్కోసారి ఒప్పుకోవు, అందుకే ముందే అడగాలి. మొదటిదానికి ఒప్పుకుంటాయి, కానీ అడగకపోతే పాలిష్ కూడా సర్వీస్‌లో భాగమే అన్నట్టు చేసేస్తాయి. మీ వాచ్ చెవులు, అంటే బెల్ట్ పట్టే నాలుగు కొమ్ములు, మెలితిరిగినట్టు ఉంటాయి. ఆ మెలిక మీద మెరిసే తలానికీ మసక తలానికీ మధ్య సన్నటి అంచు ఉంటుంది. వాచ్ అందమంతా ఆ అంచులోనే ఉంది. బఫింగ్ చక్రం మీద ఒక్కసారి పెడితే అది గుండ్రబడుతుంది. తీసేసిన లోహాన్ని మళ్ళీ పెట్టాలంటే లేజర్ వెల్డింగ్ తప్ప దారిలేదు. గీతలుంటే ఉండనివ్వండి, అవి మీ చేతివే కదా.

మీరు సింగపూర్ వెళ్ళినప్పుడు అక్కడే సర్వీస్‌కి ఇస్తానన్నారు. తప్పేం లేదు. కాకపోతే వాచ్‌ని తీసుకెళ్ళేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. పాత వాచే అయినా, తళతళలాడుతూ తిరిగొస్తే ఇది కొత్తదా పాతదా అన్న ప్రశ్న రావచ్చు. ఆ కాగితం ఉంటే టెన్షన్ ఉండదు.

ఇక బెల్ట్. మీరు అడగలేదు కానీ నాకు ఎక్కువ చెప్పాలనిపించేది దీని గురించే. ఇరవయ్యేళ్ళూ ఆ స్టీలు చైన్‌తోనే చూశారు. మొహం మొత్తింది వాచ్ కాదు, ఆ చైన్ అయ్యుండొచ్చు. 20 మిల్లీమీటర్లంటే వాచీల్లో బాగా దొరికే వెడల్పు. చైన్ తీసి వేరే బెల్ట్ వేసి వారం పెట్టుకుంటే ఇంకో వాచ్ కొన్నట్టే ఉంటుంది. నచ్చకపోతే పది నిమిషాల్లో పాత చైన్ వేసుకోవచ్చు.

షిప్పు మీదకి నైలాన్ నాటో బెల్ట్ వాడండి. 1973లో బ్రిటన్ రక్షణశాఖ ఇచ్చిన కొలతల నుంచి పుట్టింది అది. అప్పటి బూడిదరంగు బెల్ట్ కూడా 20 మిల్లీమీటర్లే. ఒకే పొడవాటి పట్టీ వాచ్ వెనక నుంచి, రెండు స్ప్రింగ్ బార్ల కిందుగా పోతుంది. ఒక బార్ విరిగినా రెండోది పట్టుకుని ఉంటుంది, వాచ్ సముద్రంలో పడదు. చెమట పడితే సబ్బుతో ఉతికి ఆరేసుకోవచ్చు. ఒకటే ఇబ్బంది, పట్టీ వాచ్ కింద నుంచి పోవడంతో మణికట్టు మీద వాచ్ కాస్త ఎత్తుగా కూర్చుంటుంది. ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటే కఫ్‌కి తగులుతుంది.

ఊళ్ళో ఉన్నప్పుడు రబ్బరు బెల్ట్ మేలు. రబ్బరు అనగానే షాపువాళ్ళు సిలికాన్ చూపిస్తారు. అది మెత్తగానే ఉంటుంది కానీ దుమ్మూ నూగూ పట్టేసుకుంటుంది. ఎఫ్‌కేఎమ్ అనే రకం అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ చెమటకీ ఆయిల్‌కీ ఉప్పుకీ తట్టుకుంటుంది. కేసు ఒంపుకి అతుక్కుని కూర్చునేలా చివర్లు వంపు తిరిగిన బెల్టులు మీ మోడల్‌కి దొరుకుతాయి. మామూలు నిటారు చివరలు ఉన్నదానికంటే అవి ఎంతో నిండుగా కనిపిస్తాయి. నీలం డయల్‌కి నీలం రబ్బరే వేస్తారు చాలామంది. నేనైతే ముదురు బూడిదరంగు వేస్తాను, అప్పుడు డయల్ నీలం ఇంకా లోతుగా కనిపిస్తుంది.

తోలు బెల్ట్ మీద మోజుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి. మార్చి వచ్చిందంటే మన చెమటకి లోపలి పొర నల్లబడి వాసన వచ్చేస్తుంది. లోపల నీళ్ళు పీల్చని లైనింగ్ వేసి కుట్టింది తీసుకుంటే కాస్త ఎక్కువకాలం వస్తుంది. మెష్ చైన్ కూడా ఈ వాచ్‌కి బాగుంటుంది. 1970ల్లో ఒమేగా తన బరువైన డైవింగ్ వాచ్‌కి మెష్ చైన్ ఇచ్చింది కాబట్టి ఆ జత పరాయిగా అనిపించదు.

బెల్ట్ మార్చడం మీరే నేర్చుకోండి. మంచి స్ప్రింగ్ బార్ టూల్ ఒకటి కొనండి, పది రూపాయల సూదితో చేయకండి. చెవుల లోపలివైపు పేపర్ టేపు అంటించుకుంటే టూల్ జారినా గీత పడదు. కింద తుండుగుడ్డ పరుచుకోండి. స్ప్రింగ్ బార్ చిటుక్కుమని ఎగిరితే గచ్చు మీద దొరకదు. స్ప్రింగ్ బార్లు ఏడాదికోసారి మార్చేయండి. చూడ్డానికి బాగానే ఉన్నా లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి ఉంటుంది.

బెజెల్ సంగతి. మీదాని మీద ఉన్న నీలం రింగు అల్యూమినియం. ఎండకి వెలిసింది, పన్నెండు దగ్గర చొట్టలు పడ్డాయి, తెల్లటి పొక్కుల్లాంటివి వచ్చాయి అన్నారు. ఆ పొక్కులు ఉప్పు వల్ల వచ్చినవే. అసలైన కొత్త రింగు సర్వీస్ సెంటర్ ద్వారా వేయించొచ్చు. పైన రింగు మాత్రమే మారుస్తారా, బెజెల్ మొత్తం మారుస్తారా అన్నది ముందే అడగండి, ఖర్చులో చాలా తేడా ఉంటుంది. ఇంకో రంగు కావాలంటే బయటివాళ్ళు చేసిన సిరామిక్ రింగులు దొరుకుతాయి. అలాంటిది వేయించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, పాత రింగుని వంచకుండా, పగలకుండా తీసి మీ చేతికిచ్చే పనివాడైతేనే. అల్యూమినియం రింగు కాగితంలా పల్చన. కత్తి మొన పెట్టి ఎత్తితే మడత పడుతుంది, ఇక పనికిరాదు. బెజెల్‌ని ముందు కేసు నుంచి విడదీసి, జిగురుని కాస్త వేడి చేసి వెనక నుంచి తోయాలి. ఎలా తీస్తారని అడిగి చూడండి. ఇలా చెప్పగలిగినవాడికే ఇవ్వండి.

వెలిసిన నీలాన్ని ఇష్టపడి అలాగే ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు, ఆ మాట కూడా చెప్పాలి. మీకు చొట్టలు నచ్చకపోతే మార్చండి, రంగు వెలిసిందనైతే ఒకసారి ఆలోచించండి.

పాప పేరు. మీ నాలుగు కోరికల్లో నాకు మనసుకి నచ్చింది ఇదే. వాచ్ మీద సొంత గుర్తు పెట్టుకోవడం చాలా పాత ముచ్చట. 1931లో జేగర్ లెకూల్ట్ర కంపెనీ రివర్సో అనే వాచ్ తీసుకొచ్చింది. మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారులు ఆటలో వాచ్ అద్దాలు పగలగొట్టుకుంటుంటే, కేసుని తిరగేసి పెట్టుకునేలా చేసినదది. తిరగేస్తే కనిపించేది ఉత్త స్టీలు పలక. అక్కడ పేర్లు, ముద్రలు చెక్కించుకోవడం మొదలైంది, ఇప్పటికీ చెక్కించుకుంటున్నారు. చెక్కితే విలువ పోతుందని భయపడేవారికి నేను హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా వాచ్ గురించి చెప్తాను. ఆ నటుడి భార్య జోయాన్ వుడ్‌వర్డ్, కార్ రేసులకి వెళ్ళే భర్తకి రోలెక్స్ కొనిచ్చి, వెనక మూత మీద జాగ్రత్తగా నడపమని ఇంగ్లీషులో రెండు మాటలు చెక్కించి, కింద ‘నేను’ అని పెట్టింది. 2017 అక్టోబర్‌లో న్యూయార్క్ వేలంలో ఆ వాచ్ 1 కోటి 77 లక్షల డాలర్లు పలికింది. ఆ ధర ఆయన పేరుకి వచ్చింది, నిజమే. కానీ ఆ రాత వల్ల ఒక్క డాలర్ కూడా తగ్గలేదు.

అయితే మీ వాచ్ వెనక మూత మీద చెక్కించవద్దు. అక్కడ ఒమేగా సముద్రపు గుర్రం బొమ్మ ఉంది, చుట్టూ అలల గీతలున్నాయి. ఖాళీ జాగా లేదు. ఉన్న సందులో ఇరికిస్తే రెండూ చెడతాయి. చైన్ బకిల్ తెరిస్తే లోపల చదునైన రేకు కనిపిస్తుంది, అక్కడ చెక్కించండి. చర్మానికి తగిలే వైపు, మీకు తప్ప ఎవరికీ కనిపించని చోటు. రేపు వాచ్ పాపకే ఇచ్చినా పేరు ఉంటుంది. ఎప్పుడైనా తీసేయాలనుకుంటే బకిల్ మార్చుకుంటే సరిపోతుంది, వాచ్‌కి ఏమీ కాదు.

ఆ రేకు పల్చన కాబట్టి ఉలితో లోతుగా చెక్కడం కుదరదు. కురుపాం మార్కెట్‌లో బంగారం మీద అద్భుతంగా పేర్లు చెక్కే పనివాళ్ళున్నారు, కానీ స్టీలు బంగారంలా లొంగదు, ఉలి జారుతుంది. దీనికి లేజర్ కావాలి. మెమెంటోలు, షీల్డులు చేసే షాపుల్లో లేజర్ మిషన్లు ఉంటున్నాయి. అసలు చిక్కు తెలుగు అక్షరాల దగ్గర వస్తుంది. ఆ మిషన్ల సాఫ్ట్‌వేర్ చాలావాటికి తెలుగు సరిగ్గా రాదు. శ్రీ అని టైప్ చేస్తే శ ఒకచోట, పొల్లు ఒకచోట, ర ఇంకోచోట విడివిడిగా వచ్చేస్తాయి. స్క్రీన్ మీద చిన్నగా చూసి షాపువాడు సరే అనేస్తాడు, స్టీలు మీద పడ్డాక ఇక చేసేదేం లేదు. కాబట్టి పేరుని అక్కడ టైప్ చేయించకండి. ఇంట్లోనే తెలుగు ఫాంట్‌లో రాసి, అక్షరాలని గీతలుగా మార్చిన ఫైల్ పట్టుకెళ్ళండి. దానికంటే మంచి పని, పాప చేత్తో తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌తో పేరు రాయించి, స్కాన్ చేసి అదే ఇవ్వండి. ఫాంట్ గొడవే ఉండదు, పాప చేతిరాతే మిగులుతుంది.

సైజు కూడా చూసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు ఒకే గీత మీద కూర్చుంటాయి కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తున్నా చదవొచ్చు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. శ్రీలోనే చూడండి, గుడిదీర్ఘం పైకి సుడి తిరుగుతుంది, రావత్తు కింద నుంచి ఎడమకి చుట్టుకుంటుంది, మధ్యలో శకారం సున్నాలు రెండు. వత్తుతో కలిపి నాలుగు మిల్లీమీటర్ల ఎత్తయినా ఇవ్వకపోతే ఆ సున్నాలు పూడిపోయి మచ్చలా కనిపిస్తుంది. ముందు అదే సైజులో ఒక స్టీలు ముక్క మీద కొట్టించి, భూతద్దంలో చూసి, అప్పుడు బకిల్ ఇవ్వండి. నల్లగా కాల్చే మార్కింగ్ కంటే సన్నగా చెక్కే మార్కింగ్ అడగండి. కాల్చిన చోట స్టీలుని కాపాడే పైపొర దెబ్బతింటుంది, మన చెమటకీ ఉప్పుకీ ఆ గీతల్లో సన్నగా తుప్పు రావచ్చు.

ఇప్పుడు వద్దన్నవి. నల్ల కోటింగ్‌ని డీఎల్‌సీ, పీవీడీ అంటారు. బాగా చేస్తే గట్టిగానే ఉంటుంది, స్టీలు కంటే డీఎల్‌సీ పొర చాలా గట్టిది కూడా. కానీ ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. అది పట్టాలంటే ముందు కేసు మొత్తం విప్పి, హీలియం వాల్వు కూడా తీసి, పై తలాన్ని బాగా సిద్ధం చేయాలి. చాలాచోట్ల ఆ సిద్ధం చేయడం అంటే ఇసుకతో కొట్టడం. ఇందాక చెప్పిన ఆ సన్నటి అంచు రంగు పడకముందే పోతుంది. తర్వాత వాచ్ ఎక్కడైనా గట్టిగా తగిలి చొట్ట పడితే, నలుపు మధ్యలో తెల్లటి స్టీలు మెరుస్తుంది. స్టీలు మీద గీత స్టీలు రంగులోనే ఉంటుంది కాబట్టి కలిసిపోతుంది, నలుపు మీద పడ్డది ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మీది ఇంజన్ రూమ్ ఉద్యోగం. ఇక తక్కువ ఖర్చుకి నల్ల పూత వేస్తామనే ప్లేటింగ్ పని అయితే ఇంకా ఘోరం. అలాంటిది ఒకటి నా దగ్గరికి వచ్చింది, చొక్కా కఫ్ రాసుకునే చోటంతా ఇత్తడి రంగు తేలి, వెనక మూత మరల్లో పూత చేరి మూత బిగియడం లేదు. గ్యాస్కెట్ కూర్చునే చోట పూత పడితే నీళ్ళు లోపలికి దారి దొరికినట్టే.

నలుపంటే ఇష్టమైతే కంపెనీ నుంచే నల్లగా వచ్చిన వాచ్ వేరే కొనుక్కోండి, దీన్ని మార్చకండి. ఇలా మార్చి ఇవ్వడాన్నే పెద్ద పేరుగా చేసుకున్నవాళ్ళు లేకపోలేదు. లండన్‌లో జార్జ్ బామ్‌ఫోర్డ్ మొదట్లో రోలెక్స్‌లని కంపెనీతో సంబంధం లేకుండా నల్లగా మార్చి అమ్మేవాడు. 2017లో ట్యాగ్ హ్యూయర్, జెనిత్ కంపెనీలే అతనికి అధికారికంగా ఆ పని అప్పగించాయి. కంపెనీ ఒప్పుకుని చేయించిన మార్పుకి వారంటీ ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. మీరు బయట చేయించిన దానికి ఆ రెండూ ఉండవు. తర్వాత బ్రాండ్ సర్వీస్‌కి తీసుకెళ్తే, బయటి భాగాలన్నీ తీసి అసలువి వేయిస్తేనే ముట్టుకుంటామంటారు, లేదా అసలు తీసుకోరు.

డయల్ గురించి ఇంకా గట్టిగా చెప్తాను. మన దేశంలో పాత డయల్స్‌కి రంగు వేసి మళ్ళీ అచ్చు కొట్టే పని ఏళ్ల నుంచి ఉంది. పాత హెచ్ఎంటీలు, ఫావర్ ల్యూబాలు, వెస్ట్ ఎండ్‌లు రంగురంగుల డయల్స్‌తో ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి చూడండి, వాటిలో చాలావరకు అవే. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంలో పెట్టి చూడండి. ఫ్యాక్టరీ అచ్చులో అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, సిరా డయల్ మీద కాస్త ఎత్తుగా నిలబడి ఉంటుంది. మళ్ళీ వేసినదాంట్లో అక్షరం చివర్లు ఉబ్బి, సిరా పక్కకి పాకి ఉంటుంది. నిమిషాల గీతలు అంకెలకి సూటిగా ఉండవు, ఒక పక్క దగ్గరగా, ఒక పక్క దూరంగా పోతాయి. ఆరు కింద స్విస్ మేడ్ అన్న మాట ఒక్కోసారి అసలుండదు, ఉన్నా అంచు కిందికి జారి సగమే కనిపిస్తుంది. మీ డయల్ మీద అలలు అచ్చు వేసినవి కావు, లోహంలోనే ఉన్నాయి. దాని మీద ఆకుపచ్చ లక్క పోస్తే ఆ అలల లోయలు పూడిపోతాయి. చీకట్లో మెరిసే చుక్కలు తీసి మళ్ళీ పెట్టాలి, అవి ఒకే ఎత్తులో ఒకే గుండ్రంగా రావు. మీరు 2004లో కొన్నారు కాబట్టి అది సూపర్ లూమినోవా, ఇప్పటికీ వెలుతురు తాగి మెరుస్తుంది. మార్చాల్సిన అవసరమే లేదు.

వేరే రంగు అసలు డయల్ కొని వేయిస్తే ఎలా ఉంటుందని అడిగారు. పాత డయల్ జాగ్రత్తగా దాచుకుంటే అది వెనక్కి తీసుకోగలిగే మార్పే, ఒప్పుకుంటాను. కానీ బ్రాండ్ సర్వీస్ సెంటర్ మామూలుగా మీ మోడల్‌కి లేని డయల్ వేయదు. బయట కొన్నది అసలుదో కాదో తేల్చుకోవడం కష్టం. డయల్ కింద రెండు సన్నటి కాళ్ళుంటాయి, మిషన్‌లోకి దిగేవి. విప్పి బిగించే ప్రతిసారీ అవి విరిగే ప్రమాదం ఉంది, ముళ్ళు తీసి పెట్టేటప్పుడు డయల్ మీద గీత పడే ప్రమాదమూ ఉంది. ఆకుపచ్చ కోసం అంత రిస్కు ఎందుకు? ఆకుపచ్చ నాటో బెల్ట్ వేసి చూడండి ముందు.

ఎవరో వజ్రాల బెజెల్ అన్నారని కూడా రాశారు. వద్దు. స్టీలుకి రంధ్రాలు పెట్టాక వెనక్కి దారిలేదు.

బ్రాండ్ వాచ్‌ని మార్పిస్తే చట్టంతో చిక్కని మీ స్నేహితుడు భయపెట్టాడట. సొంత వాచ్‌ని సొంతానికి మార్చుకోవడం మీ ఇష్టం. రోలెక్స్‌కీ, జెనీవాలో వాచీలు మార్చి ఇచ్చే ఒక వర్క్‌షాపుకీ మధ్య నడిచిన కేసులో 2024 జనవరిలో స్విట్జర్లాండ్ ఫెడరల్ సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే చెప్పింది. యజమాని అడిగితే అతని వాడకానికి మార్చి ఇవ్వడం తప్పు కాదు, మార్చినవాటిని బ్రాండ్ పేరుతో మార్కెట్‌లో అమ్మడం తప్పు అని. మన ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో కూడా 30వ సెక్షన్ ప్రకారం, సరుకు స్థితి మార్చేసి తిరిగి అమ్మితే మార్కు హక్కుదారు అభ్యంతరం చెప్పొచ్చు. మీరు అమ్మే ఉద్దేశంతో చేయించడం లేదు. ఎప్పుడైనా అమ్మితే ఏమేం మార్చారో కొనేవాడికి రాసివ్వండి.

తీసిన ప్రతి భాగాన్నీ దాచండి. పాత బెజెల్ రింగు, చైన్ నుంచి తీసిన లింకులు, పాత స్ప్రింగ్ బార్లు కూడా. ఒక్కోదాన్ని వేర్వేరు జిప్ కవర్లో వేసి, ఏది ఎప్పుడు తీశారో చీటీ రాసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. ఏటికొప్పాక లక్క డబ్బాలో పెట్టుకుంటానని రాశారు. వాచ్‌ని పెట్టుకోడానికి అంకుడు కర్ర డబ్బా చక్కగా ఉంటుంది, నాకూ ఇష్టమే. విడిభాగాలకి మాత్రం వద్దు, మన వానాకాలంలో చెక్క తేమ పీలుస్తుంది.

మరి కొత్తది ఎప్పుడు కొనాలి? దానికీ సరైన కారణం ఒకటుంది. 2018లో వచ్చిన కొత్త సీమాస్టర్‌లోని 8800 మిషన్ 15,000 గాస్ అయస్కాంతాన్ని తట్టుకుంటుంది, కీ ఇస్తే 55 గంటలు నడుస్తుంది, బెజెల్ సిరామిక్ కాబట్టి ఉప్పుకి పొక్కదు. మీ వాచ్ డీమాగ్నెటైజ్ చేశాక కూడా ప్రతి ట్రిప్పులోనూ మళ్ళీ అయస్కాంతం పట్టుకుంటుంటే, డ్యూటీకి కొత్తది కొనడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా పాతదాన్ని అమ్మకండి. దానికొచ్చే డబ్బుతో కొత్తదాని ధరలో పెద్దగా ఏమీ తగ్గదు, ఇంటికొచ్చినప్పుడు పెట్టుకోవడానికి ఉంటుంది. తొందర కూడా లేదు. స్విట్జర్లాండ్‌తో సహా నాలుగు దేశాలతో మనం చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది.

కాబట్టి ముందు కంపాస్ పరీక్ష, తర్వాత సర్వీసూ గ్యాస్కెట్లూ, అది వచ్చేలోగా రెండు బెల్టులు కొని పెట్టుకోండి. రెండు నెలలు అలా పెట్టుకుని చూసి, అప్పటికీ బెజెల్ చొట్టలు బాధిస్తుంటే అది మార్పించండి. పేరు మాత్రం ఎప్పుడైనా చెక్కించొచ్చు. బకిల్ తెరిచి లోపలి రేకు ఫోటో, పక్కన స్కేలు పెట్టి తీసి పంపండి. దానితోపాటు పాప రాసిన పేరు కూడా పంపితే, ఎంత సైజులో కొట్టించాలో, ఎటువైపు పెట్టాలో గీసి ఇస్తాను.